నవలలో నిజం ఎవరిది?

నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే మా మేనత్తకు ఒకటే సందేహం. "ఏరా, అది నిజంగా జరిగిందా, కతా?" కత అని ఒప్పుకుంటే, "ఆ మాత్రానికి అన్నం మానేసి చదవాలా?" అనేది. జరిగిందే అన్నానో, పక్కన పీట వాల్చుకుని "అయితే ఆ పిల్ల ఏమైంది?" అని ఆరా తీసేది.

గోదావరి జిల్లాల్లో కత అంటే కథ ఒక్కటే కాదు, అబద్ధం కూడా. "కతలు చెప్పకు" అంటే కథాకాలక్షేపం ఆపమని కాదు, బొంకొద్దని. సంస్కృతంలో ‘కథ్’ ధాతువుకు చెప్పడం అనే అర్థం. పాపం, ఆ ధాతువులో అబద్ధం వాసనే లేదు. చెప్పిందల్లా నమ్మకూడదన్న అనుభవాన్ని మనవాళ్లు తర్వాత దానికి తగిలించారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో రాజమండ్రిలో వచనం రాయబోయిన మనిషికి ఇదే చిక్కు. గంధర్వులూ రాక్షసులూ లేకుండా, పక్కింట్లో జరిగినట్టుండే సంగతి రాస్తే దాన్నేమని పిలవాలి? కథ అంటే కతైపోతుంది. కావ్యం అంటే పద్యాలేవని అడుగుతారు. ఆ చిక్కులోంచి వచ్చి నిలబడిన మాట ‘నవల’. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని బొమ్మా బొరుసూ చూద్దాం.

ముందు బొరుసు. పాత నిఘంటువులు తిరగేస్తే ‘నవల’, ‘నవలా’ అన్న మాటలకు అర్థం పుస్తకం కాదు, స్త్రీ. కావ్యాలు చదివిన చెవికి ‘నవలా!’ అంటే ఇంతిని, పడతిని పిలిచిన పిలుపు. అటువంటి మాట మీదికి కొత్తగా పుస్తకమనే అర్థం వచ్చి కూర్చుంది. 1970ల్లో మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ముందు సాయంత్రంపూట నిలబడితే, నిఘంటువులోని రెండర్థాలూ ఒకదాని చేతిలో ఒకటి కనిపించేవి.

ఇంకో చిన్న చిలిపి. మా వైపు నోట మామయ్య మావయ్య అవుతాడు, నమలడం నవలడం అవుతుంది. "బాగా నవిలి మింగు" అని పిల్లలకు చెబుతారు. దానికీ నవలకూ చుట్టరికం లేదు. అయినా మంచి నవలను ఎలా చదవాలో ఆ మాట చెప్పకనే చెబుతుంది.

ఇక బొమ్మ వైపు. ఇంగ్లీషు ‘నావెల్’ ఇటలీ వారి ‘నొవెల్లా’ నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్ ‘నోవుస్’ ఉంది, అంటే కొత్త. లాటిన్ నోవుస్, గ్రీకు ‘నెయోస్’, ఇంగ్లీషు ‘న్యూ’, సంస్కృతం ‘నవ’, నలుగురూ ఒక తల్లి బిడ్డలే. ఎవరి దారిన వాళ్లు వెళ్లి వేల ఏళ్ల తర్వాత గోదావరి ఒడ్డున మళ్లీ కలుసుకున్నారు. (నవరసాలలోని నవ వేరు, అది తొమ్మిది. నవరసాలూ ఉండేదే నవల అని సభల్లో చమత్కరించేవారికి ఈ గమనిక.)

ఇంగ్లీషులో ఒకప్పుడు నావెల్ అంటే కొత్త కబురు, వార్త అనే అర్థం కూడా ఉండేది. కథకూ కబురుకూ మధ్య గోడ అప్పటికి పలచన. మన దగ్గరా అలాగే జరిగింది. తెలుగులో ఈ ప్రక్రియకు దారి వేసిన ‘రాజశేఖర చరిత్రము’ ముందు పుస్తకంగా రాలేదు. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వార్తల పక్కన, వాదోపవాదాల పక్కన విడతలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. పక్క కాలమ్‌లో ఊరి అవినీతి మీద వ్యాసం చదివిన కన్నే ఇటు తిరిగి రాజశేఖరుడి ఇంట్లోకి తొంగి చూసింది. రెండూ నిజమే అనిపించి ఉంటే తప్పెవరిది?

రాసినవారు కందుకూరి వీరేశలింగం పంతులు గారని వేరే చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది మరొకటి ఉంది. తన పుస్తకాన్ని ఆయన నవల అనలేదు, వచన ప్రబంధం అన్నారు. అంతకు ఆరేళ్లు ముందు, 1872లో, ‘శ్రీరంగరాజ చరిత్రము’ రాసిన నరహరి గోపాలకృష్ణమ సెట్టి తన రచనను నవీన ప్రబంధం అన్నారు. ఇద్దరూ ‘ప్రబంధం’ అనే పాత పంచెనే కట్టుకున్నారు. ఒకరు దానికి వచనమనే అంచు కుట్టారు, ఇంకొకరు నవీనమనే అంచు కుట్టారు.

నవల అన్న పేరు పెట్టింది విమర్శకుడు. రాజశేఖర చరిత్రాన్ని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ఈ మాట వాడారు. పంతులు గారితో గట్టిగా వాదాలకు దిగిన సంప్రదాయ పండితుడాయన. బిడ్డ పంతులు గారిది, నామకరణం ఎదుటి పక్షం పురోహితుడిది. పేరు పెట్టేటప్పుడు శాస్త్రి గారు ఇంగ్లీషు నావెల్‌ను చూసి కూడా చూడనట్టు సంస్కృతంలో వ్యుత్పత్తి కట్టారు. ‘నవ’ అంటే కొత్త విశేషాలు, ‘లా’ అంటే తీసుకోవడం. కొత్త విశేషాలను గ్రహించేది కనుక నవలా అని తాత్పర్యం.

ధాతుపాఠంలో ‘రా’, ‘లా’ పక్కపక్క ఇళ్లవాళ్లు. రా అంటే ఇవ్వడం, లా అంటే తీసుకోవడం. శాస్త్రి గారి వ్యుత్పత్తిని గడుసుదనం అని నవ్వేయవచ్చు. కాని చేతికి చిక్కిన విదేశీ మాటను అలాగే జేబులో వేసుకోకుండా, మన ముద్ర కొట్టి చలామణీ చేసిన టంకసాల పని అది. నావెల్ అలాగే ఉండిపోయి ఉంటే తెలుగులో నవలిక ఉండేది కాదు, నవలాకారుడు ఉండేవాడు కాదు.

ఇరుగుపొరుగు ఏం చేశారో కూడా చూడాలి. కన్నడ, మరాఠీలలో నవలను కాదంబరి అంటారు. ఏడో శతాబ్దంలో బాణుడు రాసిన కథానాయిక పేరే మొత్తం ప్రక్రియకు పేరైంది. గుజరాతీలో నవలకథా అంటారు, అది మన మాటకు దగ్గరి బంధువు. బెంగాలీ, హిందీలలో ఉపన్యాస్. ఇక్కడే తెలుగువాడు బోర్లా పడతాడు. ప్రేమ్‌చంద్‌ను ఉపన్యాస సమ్రాట్ అన్నారని వినగానే, ఆయన మైకు ముందు మహా దిట్ట అనుకుంటాడు. ‘ఉపన్యాసం’ అంటే ముందు ఉంచడం. వాళ్లు పాఠకుడి ముందు కథ ఉంచారు, మనం శ్రోత ముందు గంటన్నర ప్రసంగం ఉంచాం.

పేరు సంగతి అలా ఉంచి సరుకు సంగతికి వద్దాం. కొత్తదనం దేనిలో? ఇంగ్లండులో ఈ ప్రశ్న చాలా ముందే వేసుకున్నారు. క్లారా రీవ్ అనే రచయిత్రి 1785లోనే రొమాన్సుకూ నావెల్‌కూ గీత గీసింది. ఎన్నడూ జరగని, జరగబోని ఘనకార్యాలను ఎత్తైన మాటల్లో చెబితే అది రొమాన్సు. తన కాలపు బతుకునూ మర్యాదలనూ చూపిస్తే అది నావెల్. మా మేనత్త వేసిన ప్రశ్నే ఇది, కాకపోతే ఇంగ్లీషులో.

ఆ గీతకు పంతొమ్మిదో శతాబ్దంలో ఒక సిద్ధాంతం తోడైంది. దాని పేరు రియలిజం. 1855లో పారిస్‌లో కూర్బే అనే చిత్రకారుడు తన బొమ్మలను విడిగా ప్రదర్శనకు పెట్టి, గుమ్మం మీద ఆ మాటనే బోర్డుగా కట్టాడు. ఇంగ్లండులో జార్జ్ ఎలియట్ 1859 నాటి ‘ఆడమ్ బీడ్’ నవలలో పదిహేడో అధ్యాయంలో కథను ఆపేసి పాఠకుడితో మాట్లాడుతుంది. పూలకుండీ మీద వంగిన ముసలమ్మను, ఒంటరిగా కూర్చుని తినే ముసలమ్మను గీసిన డచ్చి చిత్రకారులంటే తనకెందుకు ప్రాణమో వివరిస్తుంది. దేవదూతలు వద్దనలేదు, పని చేసి అరిగిన చేతులకూ చోటిమ్మంది. తమాషా ఏమిటంటే, ఇంత నిజం కోరిన ఆ రచయిత్రి తన పేరు మాత్రం కల్పించుకుంది. ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్.

రియలిజం అన్న మాటను గిల్లితే లోపల లాటిన్ ‘రెస్’ ఉంటుంది. రెస్ అంటే వస్తువు. మన వాస్తవికతను గిల్లితే లోపల ఏముంది? వస్తువే! ఒకరిని చూసి ఒకరు రాసుకున్నట్టు రెండు భాషలూ వస్తువులోంచే నిజాన్ని తీశాయి. ‘వస్’ అంటే నివసించడం. ఉండేది వస్తువు, ఉండే చోటు వాస్తు, ఉన్నది వాస్తవం. ఈ రోజుల్లో రాజమండ్రి చుట్టుపక్కల ‘రియల్’ అంటే ప్లాట్లు, వాస్తు చూసి కొనేవి. ప్లాటు అంటే ఇంగ్లీషులో జాగా, కథకు ఇతివృత్తం కూడా. నవలాకారుడూ రియలెస్టేటు వ్యాపారీ ఒకే నాలుగు మాటలతో పొట్ట పోసుకుంటారని నిఘంటువు సాక్ష్యం.

మన ఆడవాళ్ల మాటల్లో వస్తువుకు ఇంకో అర్థం ఉంది. "పెళ్లికి వస్తువులన్నీ పెట్టుకుంది" అంటే గిన్నెలూ చెంబులూ నెత్తిన పెట్టుకుందని కాదు, బంగారు నగలు. అలంకారశాస్త్రంలో వస్తువు అంటే కావ్యానికి విషయం. పెరట్లో వస్తువు అంటే గాజులు, గొలుసు. రాజశేఖర చరిత్రంలో ఈ రెండు వస్తువులూ ఒక్కటైపోతాయి. బంగారం చేసే విద్య తెలుసునని చెప్పి ఒక బైరాగి రాజశేఖరుడి నమ్మకం సంపాదించి, ఇంట్లో బంగారమంతా చిక్కించుకుని మాయమవుతాడు. ప్రబంధాలలో బంగారం నాయిక మేనిఛాయకు పోలిక. ఇక్కడ పోతే ఇల్లు గుల్లయ్యే సొత్తు. వస్తువు అలంకారం కావడం మాని వాస్తవమైన క్షణం అది.

ఈ బైరాగిని ఊరికే ఎత్తుకోలేదు. పంతులు గారి పుస్తకానికి ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. గోల్డ్‌స్మిత్ అంటే కంసాలి. ఆయన రియలిస్టు తరం వాడు కాడు, అంతకు ముందువాడు. 1872లో ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’ చివరి భాగం లండన్‌లో వెలువడింది. ఆ తర్వాత ఆరేళ్లకు కూడా మన రాజమండ్రి మనిషి చేతిలో ఉన్నది నూరేళ్లు దాటిన పుస్తకమే. కొత్త దుకాణానికి వెళ్లకుండా పాత కంసాలి దగ్గరికే ఎందుకు వెళ్లారని గొణిగే విమర్శకులున్నారు.

గొణగనక్కర్లేదు. ఆయన తెచ్చుకున్నది నగ కాదు, బంగారం. మొదట ఆ నవలను తెనిగించబోయి, కొంత రాసి, ఆ పని మానుకున్నారు. దాన్ని కరిగించి ధవళేశ్వరం అచ్చులో పోసి వేరే వస్తువు చేయించారు. వేక్‌ఫీల్డు పాదరీ సొమ్ము పోయింది పట్నంలో వర్తకుడు దివాలా తీయడం వల్ల. రాజశేఖరుడి సొమ్ము పోయింది పొగిడి తినే బంధువుల వల్ల, జ్యోతిష్యాల మీద గురి వల్ల, బైరాగి వల్ల. అప్పటి గోదావరి సీమ గృహస్థుకు దివాలా వచ్చే దారులు అవి. ఇద్దరూ జైలు చూశారు. ఇద్దరికీ మారువేషంలో తిరిగే పెద్దమనిషి అక్కరకొచ్చాడు, అక్కడ సర్ విలియం, ఇక్కడ పెద్దాపురం మహారాజు. అస్థిపంజరం ఒకటే, రక్తం వేరు.

ఇప్పుడు ఒక మాట మిగిలింది. మా మేనత్త నోట్లో ఎప్పుడూ నానే మాట, నిజం. సంస్కృతంలో ‘నిజ’ అంటే సత్యం కాదు. తనది, తనతో పుట్టినది అని అర్థం. ‘నిజభుజబలం’ అంటే నిజమైన భుజబలం కాదు, తన సొంత భుజబలం. ఆ మాట తెలుగులోకి వచ్చాక మెల్లగా మారి సత్యమైంది. సొంతమైనది సత్యమైంది. ఎరువు తెచ్చుకున్నదాన్ని నిజం అనడానికి భాషకే మనసొప్పలేదు.

తెలుగులో వాస్తవికతకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. యూరోపులో రియలిజం వస్తువు వెంట నడిచింది. మన నవల మొదటి అడుగు నిజం వెంట నడిచింది, అంటే తన దాని వెంట. పంతులు గారు కొంతకాలం ధవళేశ్వరంలో బడి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నారు. వివేకవర్ధనిని 1874లో మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. తర్వాత నవల రాస్తే తొలి పుటల్లోనే గోదావరిని, ధవళగిరిని, కొండ మీద గుడిని తెచ్చి నిలబెట్టారు. మనుషులు కల్పన కావచ్చు, వాళ్లు నిలబడిన నేల కల్పన కాదు. చదువరి పడవెక్కి వెళ్లి చూసి రాగల ఊరు కథలోకి రావడమే ఆనాటి కొత్త విశేషం.

ఆ ఒడ్డు మాటల ఎగుమతి దిగుమతులకు రేవు కూడా. అక్కడ గోదావరి మీద 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర కట్టడాన్ని మనం ఆనకట్ట అంటాం. ఇంగ్లీషు ఇంజనీర్లు దాన్ని ‘అనికట్’ అని రాసుకున్నారు. అది తమిళ ‘అణైక్కట్టు’ నుంచి వాళ్లు పట్టుకెళ్లిన మాట. అనికట్ అటు వెళ్లింది, నావెల్ ఇటు వచ్చింది. రెండూ మన పొలాలకు నీళ్లు పెట్టాయి.

అయితే పంతులు గారి నవలంతా ఉన్నదున్నట్టే ఉందంటే అది కతే అవుతుంది. పోయారనుకున్నవారు తిరిగి వస్తారు, తప్పిపోయినవారు సమయానికి దొరుకుతారు, చివరికి మహారాజు అన్నీ చక్కదిద్దుతాడు. పాత్రలు గ్రాంథికంలో మాట్లాడతాయి. ఊరు ధవళేశ్వరమే కాని, నోరు ధవళేశ్వరానిది కాదు.

ఆ నోరు తర్వాతివాళ్లు తెచ్చారు. 1890లలో ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు పెట్టింది. అందులో 1894లో ‘రామచంద్ర విజయము’తో బహుమతి గెలిచినవారు గోదావరి సీమలోని ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చారిత్రక నవలలు రాసి ఆంధ్ర స్కాట్ అనిపించుకున్నారు కాని, జనం గుండెల్లో నిలిచింది వీరులు కాదు, ఆయన ‘గణపతి’లోని పొట్టివాడు, మొద్దు. చిన్ననాటి నుంచే ఆయనకు రేచీకటి, తర్వాత చూపు పూర్తిగా పోయింది. అయినా మా సీమ మనుషులను ఆయనంత బాగా చూసినవాళ్లు తక్కువ. చెవితో చూశారు. ఆ తర్వాత పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడే తెలుగుకు సాహిత్యంలో సింహాసనం వేశారు. వెటకారం గోదావరి జిల్లాల సొంత ఆస్తి అంటారు కదా, అది అచ్చులోకెక్కింది వీళ్ల చేతుల మీదుగానే.

తెలుగులో నిజానికి ఇంకో పేరు ఉన్నమాట. సంస్కృత ‘సత్యం’ కూడా ‘సత్’ నుంచి, అంటే ఉన్నదాని నుంచే వచ్చింది. దాని వెనక ‘అస్’ ధాతువు, ఇంగ్లీషు ‘ఈజ్’ దానికి దూరపు చుట్టం. 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రిక పెట్టిన పంతులు గారు, ఆడవాళ్లు చదవడానికని రాసిన పుస్తకంలో నాయికకు సత్యవతి అని పేరు పెట్టారు. ఉన్నమాట అంటే ఉలుకెక్కువని సామెత. పంతులు గారి మీద ఊరు ఎంత ఉలిక్కిపడిందో చరిత్రకు తెలుసు.

చరిత్ర అన్నాను కనుక దాన్నీ తేల్చేద్దాం. మన తొలి నవలల పేర్లలో చరిత్రము తరచు కనిపిస్తుంది. ‘చర్’ అంటే తిరగడం. నడిచిన తీరు చరిత్ర. ఇంగ్లీషు నవలలూ పద్దెనిమిదో శతాబ్దంలో తమను తాము ‘హిస్టరీ’ అనే చెప్పుకున్నాయి. ఫీల్డింగ్ టామ్ జోన్స్ పూర్తి పేరులో ఆ మాట ఉంది. కత అనిపించుకోకుండా ఉండడానికి అక్కడా ఇక్కడా వేసుకున్న వేషం ఒకటే. నవల అన్న మాట స్థిరపడ్డాకనే ఆ వేషం విప్పగలిగాం.

ఇంకా చిత్రం, బంగారం తిరిగి కంసాలి ఊరికి వెళ్లింది. రాజశేఖర చరిత్రాన్ని హచిన్‌సన్ అనే ఆయన ఇంగ్లీషు చేస్తే 1887లో లండన్‌లో అచ్చయింది. పేరు ‘ఫార్చ్యూన్స్ వీల్’, భాగ్యచక్రం. చక్రం అంటే వృత్తం. ఆ ‘వృత్’ ధాతువు నుంచే వృత్తాంతం, ఇతివృత్తం, వార్త. వేక్‌ఫీల్డులో బయలుదేరిన కథ ధవళేశ్వరం వచ్చి, నిజమై, లండన్ తిరిగి వెళ్లింది. తెచ్చుకున్నదాన్ని తెచ్చుకున్నట్టే తిరిగిస్తే అప్పు తీర్చడం అవుతుంది. వేరే వస్తువుగా మార్చి ఇస్తే అది వ్యాపారం. లా అయ్యాక రా.

ఓపికున్నవారికి ఒక మనవి. రాజశేఖర చరిత్రము సంపాదించి మొదటి ప్రకరణం మాత్రం చదవండి. ఆదివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లి, జనార్దనస్వామి కొండ మెట్లెక్కి, పైన నిలబడి పుస్తకం తెరిచి పోల్చి చూడండి. కతో, నిజమో మీరే తేల్చండి. ఎవరైనా "ఎవరి నిజం?" అని అడిగితే, కిందికి చూసి "మనదే" అనండి.